పాత కార్ల క్లబ్బు లైబ్రరీకి కొత్త పుస్తకాలొచ్చాయా? అట్టపెట్టె విప్పినప్పటి నుంచి ఏం చేయాలంటే

పాత కార్ల క్లబ్బుల్లో లైబ్రరీ పని ఎవరూ కోరి తీసుకోరు, ఎవరో ఒకరి నెత్తిన పడుతుంది. పడ్డవాళ్లందరూ అడిగేది ఒకటే: "కొత్త పుస్తకాలొచ్చాయి, వీటిని ఏం చేయమంటారు?" కొత్తవంటే అన్నీ ఈ ఏడాది అచ్చయినవి కావు. కొన్ని కొన్నవి, కొన్ని రీప్రింట్లు, ఎక్కువ భాగం మాత్రం ఏ సీనియర్ మెంబరో ఇల్లు మారుతూ ఇచ్చేసినవి, లేదా ఆయన పోయాక ఇంట్లోవాళ్లు అట్టపెట్టెల్లో పంపినవి. అందరికీ విడివిడిగా చెప్పే బదులు మొత్తం ఒకచోట రాస్తున్నాను. మన దగ్గర ఎక్కువగా కనబడే అంబాసిడర్, ఫియట్, హెరాల్డ్, జీపులనే ఉదాహరణకి తీసుకున్నాను. మీ మెంబర్ల దగ్గర బెంజ్ ఉన్నా షెవర్లే ఉన్నా పద్ధతి ఇదే.

ఒక్క విషయం ముందే చెప్పేస్తాను, మిగతాదంతా దాని చుట్టూనే తిరుగుతుంది. కార్ల క్లబ్బు లైబ్రరీకి వచ్చి పుస్తకాన్ని పేరు పెట్టి అడిగేవాళ్లు చాలా తక్కువ. "అరవై నాలుగు మోడల్ ఫియట్‌కి టప్పెట్ గ్యాప్ ఎంతండీ?" అని అడుగుతారు. కాబట్టి పుస్తకాలను పేరుతోనో రచయితతోనో కాదు, బండితో లిస్టు చేయాలి. అది జరిగేదాకా పుస్తకం బీరువాలో ఉన్నా లైబ్రరీలో లేనట్టే.

కావలసినవి

- గట్టి బైండింగు ఉన్న రూళ్ల రిజిస్టరు ఒకటి. కంప్యూటర్లో ఎక్సెల్ షీటు ఎలాగూ పెడతారు, అయినా రిజిస్టరు ఉండాలి.
- మెత్తటి పెయింటింగ్ బ్రష్షు, పొడి నూలు గుడ్డ, టాల్కం పౌడరు.
- హెచ్‌బీ పెన్సిలు, క్లబ్బు పేరున్న చిన్న రబ్బరు స్టాంపు.
- జిప్ ఉన్న పెద్ద ప్లాస్టిక్ కవర్లు, సిలికా జెల్ ప్యాకెట్లు.
- స్కానరు, లేదా స్కానింగ్ యాప్ ఉన్న ఫోను.
- తేమ చూపించే చిన్న మీటరు. ఆన్‌లైన్లో చవగ్గానే దొరుకుతుంది. కోస్తా ఊళ్లలో ఉన్నవాళ్లు దీన్ని తప్పకుండా కొనండి.
- బండ్ల గురించి తెలిసిన మనిషి ఒకరు. మీకు తెలియకపోతే పాత మెకానిక్‌ని ఒక ఆదివారం టీకి పిలవండి, నాలుగో స్టెప్పులో ఆయన అవసరం పడుతుంది.

1. వచ్చిన పుస్తకాన్ని నేరుగా బీరువాలో పెట్టకండి

పాత ఇళ్ల నుంచి, షెడ్ల నుంచి, అబిడ్స్ ఆదివారం సంత నుంచి వచ్చిన పుస్తకాల్లో చెదలో, వెండిపురుగులో, బూజో ఉండే అవకాశం ఎక్కువ. ఒక్కటి తెచ్చినా మిగతా బీరువాకంతా అంటుకుంటుంది. అందుకే అట్టపెట్టెను లైబ్రరీ గదిలోకి తేకుండా వరండాలోనో వేరే గదిలోనో విప్పండి, తెల్ల కాగితం పరిచి ఒక్కో పుస్తకాన్ని దానిమీద దులపండి. ఇసుక లాంటి సన్నటి పొడి రాలినా, పేజీల్లో సొరంగాల్లా చిల్లులున్నా పురుగు ఉన్నట్టే. అట్టపెట్టెను మాత్రం దాచుకోకండి, చెదలు ఎక్కువగా వచ్చేది దానితోనే.

పురుగు ఉందనిపిస్తే పుస్తకాన్ని జిప్ కవర్లో పెట్టి, గాలి వీలైనంత తీసేసి, ఫ్రీజర్లో రెండు వారాలు ఉంచండి. ఇంట్లో ఫ్రీజర్ సుమారు మైనస్ 18 డిగ్రీల దగ్గర ఉంటుంది, అది సరిపోతుంది. బయటికి తీశాక కవర్ వెంటనే విప్పొద్దు, ఒక రోజంతా అలాగే వదిలేయండి. లేకపోతే చల్లటి కాగితం మీద నీరు పట్టి కొత్త సమస్య మొదలవుతుంది. పుస్తకం ముందే తడిగా ఉంటే ఫ్యాను గాలికి నీడలో ఆరబెట్టి, ఆరాకే ఫ్రీజర్ సంగతి. ఎండలో పెట్టకండి, కాగితం పెళుసెక్కిపోతుంది.

బూజు ఉంటే మాస్కు పెట్టుకుని ఆరుబయట బ్రష్షుతో దులపండి. ఆస్తమా ఉన్నవాళ్లు ఈ పని వేరేవాళ్లకి అప్పగించండి.

2. ఇచ్చినవాళ్ల దగ్గర ఒక కాగితం తీసుకోండి

దీన్ని మొహమాటంతో వదిలేస్తారు. పెద్దాయన కాలం చేసి నెల తిరక్కుండా వాళ్లావిడ పుస్తకాలు పంపిస్తే, "అమ్మా, ఒక సంతకం పెట్టండి" అనడానికి నోరు రాదు, నిజమే. కానీ మూడేళ్ల తర్వాత అమెరికా నుంచి కొడుకు వచ్చి "నాన్నగారి పుస్తకాలు మేం చూసుకోడానికని ఇచ్చాం, తిరిగివ్వండి" అంటే మీ దగ్గర చెప్పడానికేమీ ఉండదు. ఎవరు, ఎప్పుడు, ఎన్ని ఇచ్చారు, శాశ్వతంగా ఇచ్చారా లేక దాచమని ఇచ్చారా, వద్దనుకున్నవి వేరేవాళ్లకి ఇచ్చేయొచ్చా, ఈ ఐదు ముక్కలూ ఒక తెల్లకాగితం మీద ఉంటే చాలు. ఆ కుటుంబానికి క్లబ్బు తరఫున థాంక్స్ లెటర్ ఇస్తూ దాని కాపీ మీద సంతకం తీసుకుంటే ఎవరికీ ఇబ్బంది ఉండదు.

3. అది ఏ రకం పుస్తకమో తేల్చండి

అన్నిటినీ "మాన్యువల్" అనేస్తారు, దాంతో సగం గందరగోళం. ఓనర్స్ హ్యాండ్‌బుక్కు అంటే బండితోపాటు గ్లవ్ బాక్సులో వచ్చేది. వర్క్‌షాప్ మాన్యువల్ మెకానిక్ కోసం రాసింది. పార్ట్స్ క్యాటలాగులో బొమ్మలు, పార్టు నంబర్లు ఉంటాయి, ఎలా బిగించాలో ఉండదు. సర్వీస్ బులెటిన్లు అంటే మాన్యువల్ అచ్చయ్యాక కంపెనీ డీలర్లకు పంపిన మార్పుల కాగితాలు. ఇవి ఒకటి రెండు పేజీలే ఉంటాయి, చిత్తు కాగితాలనుకుని పారేస్తారు, పారేయకండి. ఆ తర్వాత హేన్స్ లాంటి బయటి పబ్లిషర్లు వేసిన రిపేరు పుస్తకాలు, రోడ్ టెస్టుల సంకలనాలు, బ్రోషర్లు, బొమ్మల పుస్తకాలు.

హ్యాండ్‌బుక్కు పట్టుకుని ఇంజిన్ విప్పలేరు, పార్ట్స్ క్యాటలాగు చూసి టైమింగ్ పెట్టలేరు. అందుకని రకాన్ని రిజిస్టర్లో వేరే కాలమ్‌లో రాయాలి.

4. ఏ బండికి, ఏ ఏడాది నుంచి ఏ ఏడాది దాకా

అసలు పని ఇదే, దీనికి తీరిగ్గా కూర్చోండి. అట్టమీద పేరు చూసి నమ్మితే దెబ్బ తింటారు. మన దేశంలో తయారైన బండ్లు చాలావరకు విదేశీ బండ్లకు పిల్లలే కానీ అచ్చుగుద్దినట్టు ఒకటి కాదు.

అంబాసిడర్ సంగతి చూడండి. అది మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 నుంచి వచ్చిందని అందరికీ తెలుసు, కాబట్టి ఆ సిరీస్ 3 మాన్యువల్ దొరగ్గానే "అంబాసిడర్ మాన్యువల్" అని లేబుల్ అంటిస్తారు. మొట్టమొదటి అంబాసిడర్లలో ఉన్నది 1476 సీసీ సైడ్ వాల్వ్ ఇంజిను, అంటే వాల్వులు పక్కన బ్లాకులో ఉండేది. వాల్వులు పైన హెడ్డులో ఉండే 1489 సీసీ ఓవర్‌హెడ్ వాల్వ్ ఇంజిను 1959లో వచ్చింది. సిరీస్ 3 పుస్తకంలో ఉండేది ఆ రెండోది. అంటే మొదటి బండ్లున్నవాళ్లకి బాడీ, సస్పెన్షన్ భాగాలు పనికొస్తాయి గానీ ఇంజిన్ చాప్టరు అస్సలు పనికిరాదు. ఇక 1990ల్లో వచ్చిన ఇసుజు ఇంజిన్ అంబాసిడర్‌కి ఈ పుస్తకంలో ఇంజిన్, గేర్‌బాక్స్ రెండూ దాటేయాలి. అంబాసిడర్‌కి ముందు వచ్చిన ల్యాండ్‌మాస్టర్ ఉన్నవాళ్లకి బాడీ, సస్పెన్షన్ భాగాలకి కావలసింది ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 2.

ఫియట్‌లో ఇంకో తిరకాసు. మన 1100 డిలైట్, తర్వాత పద్మిని అయిన బండి, ఇటలీలోని ఫియట్ 1100డి ఆధారంగా వచ్చిందే. కానీ ఇటలీ 1100డిలో 1221 సీసీ ఇంజిన్ ఉంటే మన దానిలో 1089 సీసీ. అట్టమీద "1100డి" అని ఉంది కదా అని పిస్టన్, బేరింగు కొలతలు ఆ పుస్తకంలోంచి తీస్తే లేత్ షెడ్డు దగ్గర డబ్బు, టైము రెండూ పోతాయి. ముందు డోర్లు వెనక్కి తెరుచుకునే పాత ఫియట్, అదే బొంబాయివాళ్లు డుక్కర్ ఫియట్ అనేది, ఇంకా వెనకటి 1100-103 పుస్తకాల్లోకి వస్తుంది.

మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్‌కి ట్రయంఫ్ హెరాల్డ్ పుస్తకాలు బాగానే పనికొస్తాయి. కాకపోతే నాలుగు డోర్ల హెరాల్డ్ ఇక్కడ మాత్రమే వచ్చింది, ఇంగ్లాండులో లేదు. వెనక డోరు లాక్ గురించి ట్రయంఫ్ పుస్తకంలో ఎంత వెతికినా దొరకదు, ఆ ముక్క మీ లిస్టులో ముందే రాసి పెడితే ఎవరూ ఒక సాయంత్రం వృథా చేసుకోరు.

జీపువాళ్లు ఎక్కువగా తెచ్చేది అమెరికా సైన్యం 1944లో అచ్చేసిన టీఎమ్ 9-803 అనే టెక్నికల్ మాన్యువల్. యుద్ధకాలపు విల్లీస్ ఎమ్‌బీకి, ఫోర్డ్ జీపీడబ్ల్యూకి అది బ్రహ్మాండమైన పుస్తకం. కానీ మహీంద్రా సీజే-3బి ఇంజిను వేరు. అందులో ఇన్‌టేక్ వాల్వులు హెడ్డులో, ఎగ్జాస్ట్ వాల్వులు బ్లాకులో ఉంటాయి. యుద్ధకాలపు ఇంజిన్లో రెండూ బ్లాకులోనే. వాల్వ్ సెట్టింగుకి ఒకదాని పుస్తకం ఇంకోదానికి వాడకూడదు.

మరి ఎలా తేల్చాలి? పుస్తకంలో ఈ చోట్లు చూడండి:

- మొదటి పేజీల్లో ఇచ్చిన చాసిస్ నంబర్ల, ఇంజిన్ నంబర్ల శ్రేణి. ఏడాది కన్నా ఇది నమ్మకమైనది.
- పబ్లికేషన్ నంబరు. 1970కి ముందు పుస్తకాల్లో ఐఎస్‌బీఎన్ (ఇప్పటి పుస్తకాల మీద ఉండే అంతర్జాతీయ నంబరు) వెతకడం దండగ. కంపెనీ పుస్తకాలకు సొంత నంబర్లుంటాయి, మోరిస్, ఎమ్‌జీ బండ్లు తయారుచేసిన బ్రిటిష్ కంపెనీ బీఎమ్‌సీవాళ్ల చాలా మాన్యువళ్లకి ఏకేడీ అక్షరాలతో మొదలయ్యే నంబరు ఉంటుంది. ఉదాహరణకి ఎమ్‌జీబీ అనే స్పోర్ట్స్ కారు మాన్యువల్ ఏకేడీ 3259. నంబరు ఒకటే అయినా ఎడిషన్ మారితే లోపలి సంగతులు మారతాయి, అందుకని ఎడిషన్ కూడా రాయండి.
- స్పెసిఫికేషన్ పేజీలో సీసీ, బోర్ (సిలిండరు వెడల్పు), స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం). ఇది మీ మెంబరు బండితో కలిస్తే సగం టెన్షన్ తీరినట్టే.
- బ్యాటరీ ఎర్త్ ఏ వైపో, అంటే బ్యాటరీలో ఏ టెర్మినల్ బండి బాడీకి కలిపారో. 1960ల నడిమి దాకా చాలా బ్రిటిష్ బండ్లు పాజిటివ్ ఎర్త్. తర్వాత నెగటివ్‌కి మారాయి. ఎమ్‌జీబీ 1967లో మారింది. ఇది తెలియకుండా వైరింగ్ చాప్టర్ ఫాలో అయితే ఆల్టర్నేటరు డయోడ్లు కాలిపోతాయి. లిస్టులో ఎర్ర ఇంకుతో రాయదగ్గ విషయం ఇదొక్కటే.
- కొలతలు ఏ పద్ధతిలో ఉన్నాయో. బ్రిటిష్ పుస్తకంలో పైంట్ అంటే 568 మిల్లీలీటర్లు, అమెరికా పుస్తకంలో 473. టార్క్ ఇటలీ పుస్తకాల్లో కేజీ-మీటర్లలో, బ్రిటిష్ పుస్తకాల్లో పౌండ్-అడుగుల్లో ఉంటుంది. ఒక కేజీ-మీటరు అంటే సుమారు 7.23 పౌండ్-అడుగులు. ఈ లెక్కలన్నీ ఒక చీటీ మీద ప్రింట్ తీసి ప్రతి రిపేరు పుస్తకం లోపల పెట్టండి. అంటించకండి, ఊరికే పెట్టండి.

5. పేజీలు సరిచూడండి

ఒకటి నుంచి చివరిదాకా పేజీ నంబర్లు తిప్పుకుంటూ వెళ్లండి. విసుగే, కానీ తప్పదు. వర్క్‌షాప్ మాన్యువళ్లలో నంబర్లు వరసగా ఉండకుండా సెక్షను వారీగా, ఏ-1, ఏ-2, బి-1 ఇలా ఉంటాయి, కాబట్టి మొత్తం ఎన్ని పేజీలని చూస్తే లాభం లేదు, ప్రతి సెక్షనూ విషయసూచికతో పోల్చి చూడాలి. ముందు పోయేది మడత విప్పే వైరింగ్ డయాగ్రమ్. ఎవరో ఒకరు చింపుకుని షెడ్డు గోడకి అంటించుకుని ఉంటారు! రెండోది లూబ్రికేషన్ చార్టు.

ఇప్పుడు డిమాండును బట్టి అచ్చేసే రీప్రింట్లు చాలా వస్తున్నాయి. అవి కొనేముందే అమ్మేవాళ్లని అడగండి: మడత షీట్లు అసలు సైజులో ఉన్నాయా, లేక మామూలు పేజీలోకి కుదించారా? కుదిస్తే వైరు రంగుల అక్షరాలు చదవడం కుదరదు. బ్రిటిష్ డయాగ్రముల్లో ఎన్ అంటే బ్రౌన్, బి అంటే బ్లాక్, యు అంటే బ్లూ. ఈ అక్షరాలు మసకగా ఉంటే డయాగ్రమ్ ఉండీ లేనట్టే.

పేజీలు లేకపోతే పుస్తకం పారేయనక్కర్లేదు, "డి-7, డి-8 లేవు" అని రిజిస్టర్లో రాయండి. వేరే ఊరి క్లబ్బుని అడిగి ఆ రెండు పేజీల ఫొటోకాపీ తెప్పించుకోవచ్చు.

6. శుభ్రం, చిన్న రిపేర్లు

దుమ్ము దులిపేటప్పుడు పుస్తకాన్ని గట్టిగా మూసి, వెన్ను వైపు నుంచి బయటికి బ్రష్షు తిప్పండి. గ్రీజు మరక మీద టాల్కం పౌడరు చల్లి, పైన తెల్ల కాగితం పెట్టి, బరువు పెట్టి ఒక రాత్రి వదిలేయండి, మర్నాడు దులపండి. మరక మొత్తం పోదు, ఫర్వాలేదు. పెట్రోలు, కిరసనాయిలు, థిన్నరు మాత్రం పూయకండి, మరక ఇంకా విస్తరిస్తుంది, అచ్చు చెరిగిపోతుంది.

మార్జిన్లలో పెన్సిల్ రాతలుంటే చెరపొద్దు. పాత మెకానిక్ ఎవరో "ఈ సీలు దొరకట్లేదు, ఫలానా బండిది సరిపోయింది" అని రాసి ఉంటే అది అచ్చులో దొరకని సమాచారం. లిస్టులో "మార్జిన్ నోట్సు ఉన్నాయి" అని కూడా రాయండి.

సెల్లో టేపు వాడకండి. కొన్నేళ్లకి పసుపెక్కి, జిగురు పాకి, పక్క పేజీలను కూడా అంటిస్తుంది. చిరిగిన చోట పల్చటి టిష్యూ కాగితం, గంజి లాంటి పల్చటి పేస్టు చాలు. బైండింగువాళ్లు మైదా లైలో మైలుతుత్తం కలుపుతారు పురుగు పట్టకుండా, మీరు ఇంట్లో కలిపే మైదాలో అది ఉండదు కాబట్టి లై కొంచెమే వాడండి. తుప్పు పట్టిన స్టేపుల్ పిన్నులు మెల్లగా తీసేసి, అవే చిల్లుల్లోంచి నూలు దారంతో కుట్టండి.

బైండింగుకి ఇచ్చేముందు ఒక హెచ్చరిక. అంచులు కత్తిరించొద్దని, వెన్ను కోసి స్పైరల్ వేయొద్దని రాసి మరీ ఇవ్వండి. నోటితో చెప్తే "ఓకే సార్" అంటారు, పుస్తకం మాత్రం నీట్‌గా ట్రిమ్ అయి వస్తుంది, దాంతోపాటు డయాగ్రమ్ చివర కూడా.

7. రిజిస్టరు, నంబరు, స్టాంపు

వచ్చిన వరసలోనే నంబరు ఇవ్వండి, పుస్తకం పోయినా ఆ నంబరు ఇంకోదానికి ఇవ్వకండి. కాలమ్‌లు: నంబరు, తేదీ, పేరు, ప్రచురించినవాళ్లు, ఏడాది, పబ్లికేషన్ నంబరు, రకం, ఎవరిచ్చారు లేదా ఎంతకి కొన్నారు, లోపాలు. స్టాంపు టైటిల్ పేజీ వెనక వేయండి. డయాగ్రముల మీద, బ్రోషర్ల మీద స్టాంపు వద్దు, అక్కడ పెన్సిల్‌తో నంబరు చాలు. పేపర్ జాకెట్ ఉన్న పుస్తకాలకి జాకెట్ తీసేయకుండా పారదర్శకమైన పాలియెస్టర్ షీటు తొడగండి. జిడ్డుగా అనిపించే పీవీసీ కవర్లు అయితే కొన్నాళ్లకి అచ్చును లాగేసుకుంటాయి.

8. బండి వారీ లిస్టు

ఇప్పుడు ఎక్సెల్ తెరవండి. ఒక పుస్తకానికి ఒక వరస కాదు, ఒక బండికి ఒక వరస. ఒకే పుస్తకం మూడు మోడళ్లకు పనికొస్తే మూడు వరసల్లో రావాలి. ఇలా:

బండి: స్టాండర్డ్ హెరాల్డ్, నాలుగు డోర్లు. పుస్తకం: ట్రయంఫ్ హెరాల్డ్ వర్క్‌షాప్ మాన్యువల్. పనికొచ్చేవి: ఇంజిన్, గేర్‌బాక్స్, ముందు సస్పెన్షన్, బ్రేకులు. పనికిరానివి: వెనక డోర్లు. ఎర్త్: బండి చూసి నిర్ధారించుకోవాలి. కొలతలు: బ్రిటిష్. రిజిస్టరు నంబరు, బీరువా అర.

"పనికిరానివి" అనే కాలమ్ చాలా క్లబ్బుల లిస్టుల్లో ఉండదు. నన్నడిగితే మొత్తం లిస్టులో విలువైన కాలమ్ అదే.

బండి పేరు అందరూ పిలిచే పేరుతోనూ పెట్టండి. "ప్రీమియర్ ప్రెసిడెంట్" అని వెతికేవాళ్లకన్నా "ఫియట్" అని వెతికేవాళ్లే ఎక్కువ. ఆర్‌సీలో ఒక పేరు, జనం నోట్లో ఒక పేరు, పుస్తకం మీద ఇంకో పేరు ఉంటాయి, మూడూ ఎక్కించండి.

పెద్ద లైబ్రరీల్లో విషయాన్ని బట్టి పుస్తకానికి నంబరిచ్చే డ్యూయీ పద్ధతి వాడతారు కదా, మేమూ వాడాలా అని అడుగుతుంటారు. వాడుకోవచ్చు, కార్లు 629.222లో, రిపేర్లు 629.287లో వస్తాయి. కానీ మీ పుస్తకాల్లో ముప్పాతిక వంతు ఆ రెండు నంబర్ల కిందే పడతాయి, ఇక దానివల్ల ఒరిగేదేమీ ఉండదు.

9. షెడ్డు కాపీ, స్కానింగు, కాపీరైటు

అసలు పుస్తకం కారు కిందికి వెళ్లకూడదు. మెంబరుకి కావలసిన పదిపన్నెండు పేజీలు ఫొటోకాపీ తీసి ఇవ్వండి, గ్రీజు పట్టినా బాధ లేదు. మామూలు పేజీలు 300 డీపీఐలో, వైరింగ్ డయాగ్రములు 600లో స్కాన్ చేయండి. పెద్ద షీటు అయితే ముక్కలుగా, అంచులు ఒకదానిమీద ఒకటి పడేలా తీయండి. ఫైలు పేరు రిజిస్టరు నంబరుతోనే మొదలవ్వాలి. "స్కాన్ కొత్తది ఫైనల్ 2" అని పెడితే ఏడాది తర్వాత మీకే తెలియదు.

కాపీరైటు విషయంలో కాస్త జాగ్రత్త. మన చట్టంలో రచయిత పేరుతో వచ్చిన పుస్తకానికి ఆయన చనిపోయాక 60 ఏళ్లదాకా హక్కులుంటాయి. సొంత రిపేరు కోసం, చదువుకోడానికి కొన్ని పేజీలు కాపీ చేసుకోవడం ఒకటి, మొత్తం పుస్తకం పీడీఎఫ్ చేసి వాట్సాప్ గ్రూపులో పడేయడం ఇంకొకటి, రెండోది చేయకండి. మార్కెట్లో దొరికే రీప్రింట్ అయితే మరీ వద్దు, ఆ పబ్లిషరు అమ్ముకుంటేనే ఇంకో పాత మాన్యువల్ అచ్చవుతుంది. టీఎమ్ 9-803 లాంటి అమెరికా ప్రభుత్వ పుస్తకాలకి మాత్రం ఈ బెడద లేదు, అవి ఎవరైనా కాపీ చేసుకోవచ్చు.

10. ఎక్కడ పెట్టాలి

స్టీలు బీరువా, గోడకి జానెడు దూరంలో, నేలకి ఆనకుండా ఇటుకల మీద. గదిలో తేమ 60 శాతం దాటకుండా చూసుకోండి, 65 దాటితే బూజుకి పండగే. వానాకాలంలో సిలికా జెల్ మారుస్తుండాలి. వేపాకు వేయొచ్చా అంటే, ఎండబెట్టి గుడ్డ మూటలో కట్టి అరలో పెట్టండి, పేజీల మధ్య పెడితే మరక పడుతుంది. మూసిన చిన్న గదిలో నాఫ్తలీన్ ఉండలు కుమ్మరించకండి, ఆ ఆవిరి పీల్చేది మీరే.

లావు మాన్యువళ్లు పడుకోబెట్టండి, నిలబెడితే లోపలి పేజీలు కిందికి జారి వెన్ను ఊడుతుంది. ఆయిల్ డబ్బాలు, బ్యాటరీ ఛార్జరు ఉన్న షెడ్డులో బీరువా పెట్టొద్దని వేరే చెప్పాలా?

11. కొత్తవి వచ్చాయని చెప్పండి, అప్పు ఇవ్వండి

మెంబర్లకి పుస్తకాల పేర్ల పట్టిక పంపిస్తే ఎవరూ చదవరు. "పాత ఫియట్ ఉన్నవాళ్లకి: స్టీరింగ్ బాక్సు పూర్తిగా విప్పి చూపించే చాప్టరు వచ్చింది" అని పంపించి చూడండి, ఫోన్లు మోగుతాయి.

బయట దొరకని పుస్తకాలు ఇంటికి ఇవ్వకండి, అక్కడే చూసుకోవాలి. రీప్రింట్లు, దొరికేవి ఇవ్వొచ్చు, డిపాజిట్ తీసుకుని. సీనియర్లని డిపాజిట్ అడగడానికి మొహమాటపడతారు, అందుకే రూలు ప్రెసిడెంటుగారి పేరు మీద పెట్టి మొదటి డిపాజిట్ ఆయన చేతే కట్టించండి.

ఇంకో ఉపయోగం కూడా మెంబర్లకి చెప్పండి. 2021 జులైలో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటిన బండిని వింటేజ్‌గా రిజిస్టర్ చేయించుకోవచ్చు, నంబర్లో వీఏ అక్షరాలు వస్తాయి. దానికి చాసిస్, బాడీ, ఇంజిన్ పెద్దగా మార్చకుండా ఉండాలి. అసలు బండి ఎలా ఉండేదో చూపించడానికి ఆ కాలపు పార్ట్స్ క్యాటలాగు, బ్రోషరు కన్నా మంచి ఆధారం దొరకదు. బ్రోషర్లను చిన్నచూపు చూడొద్దనేది అందుకే. అయితే బ్రోషర్లో బొమ్మ అందంగా గీసింది, రంగు, ట్రిమ్ విషయంలో దాన్నొక్కదాన్నే నమ్మకండి, క్యాటలాగుతో పోల్చండి.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

బొమ్మల పుస్తకాలు ముందు అరలో, మాన్యువళ్లు వెనక అరలో పెట్టడం. ఖరీదైన కాఫీ టేబుల్ పుస్తకం ఒకటి రెండుసార్లు తిరగేస్తారు, మాన్యువల్ ప్రతి వారం కావాలి.

రెండో కాపీ వచ్చింది కదా అని చూడకుండా ఇచ్చేయడం. రెండూ పక్కపక్కన పెట్టి ఎడిషన్, పేజీలు, డయాగ్రమ్ పోల్చండి. చాలాసార్లు కొత్తగా వచ్చినదే మెరుగ్గా ఉంటుంది, లేదా ఒకదాన్లో లేని పేజీ ఇంకోదాన్లో ఉంటుంది.

పుస్తకం మధ్యలో ఉన్న విడి కాగితాలు తీసి పడేయడం. సర్వీస్ బులెటిన్, డీలర్ బిల్లు, పాత ఇన్సూరెన్సు కాగితం, ఇవి ఏ పేజీ దగ్గర ఉన్నాయో రాసి కవర్లో పెట్టండి. బండి చరిత్ర వెతికేవాళ్లకి ఆ బిల్లే దిక్కు కావొచ్చు.

బ్రోషర్లు, డయాగ్రములు లామినేట్ చేయించడం. ఒకసారి చేస్తే వెనక్కి తీయలేరు. గోడకి కావాలంటే కలర్ ప్రింటు తీసి దాన్ని లామినేట్ చేయించండి.

అన్నీ ఒక్కరి లాప్‌టాప్‌లో ఉంచడం గురించి వేరే చెప్పను, ఆ ఒక్కరూ ఊరు మారితే ఏమవుతుందో మీకు తెలిసిందే.

సరిగ్గా అయ్యిందో లేదో ఎలా చూసుకోవాలి

కొత్తగా చేరిన మెంబరుని ఒకరిని పిలవండి, లైబ్రరీ గురించి ఏమీ చెప్పకుండా చీటీ ఇవ్వండి: "ఓవర్‌హెడ్ వాల్వ్ అంబాసిడర్, క్లచ్ పెడల్ ఫ్రీ ప్లే ఎంత?" లిస్టు చూసి, అర వెతికి, పేజీ తెరిచి ఐదు నిమిషాల్లో జవాబు చెప్పగలిగితే మీ పని బాగున్నట్టు. లిస్టు దగ్గరే ఆగిపోతే బండి పేర్లు సరిగా ఎక్కలేదు. అర దగ్గర ఆగితే లేబుళ్ల తప్పు. పుస్తకం దొరికాక జవాబు తప్పొస్తే నాలుగో స్టెప్పులో ఏదో దాటేశారు, మళ్లీ కూర్చోండి.

రెండో పరీక్ష తిరగేసి చేయండి. సైడ్ వాల్వ్ అంబాసిడర్ ఇంజిన్ గురించి అడగండి. మీ దగ్గర ఆ పుస్తకం లేకపోతే, లిస్టు ఆ మనిషిని సిరీస్ 3 మాన్యువల్ దగ్గరికి పంపకుండా "ఇంజిన్‌కి పనికిరాదు" అని చెప్పి ఆపాలి. ఆపకపోతే లిస్టు ఇంకా పూర్తి కాలేదు.

ఏడాదికోసారి, వానలకి ముందు, రిజిస్టరు పట్టుకుని ఒక్కో పుస్తకం సరిచూడండి. బయటికెళ్లి తిరిగిరానివి, అడుగున తేమ పట్టినవి, లేబుల్ ఊడినవి అప్పుడే బయటపడతాయి. మేలో చేస్తే మంచిది, జూన్ రెండో వారం దాకా ఆగితే సిలికా జెల్ కొనడానికి కూడా టైముండదు.